కన్నున్న మిరపకాయ

ఆ వయసులో మనకు తెలిసింది చెప్పకపోతే లోకం ఆగిపోతుందనిపిస్తుంది. డిగ్రీ అయ్యాక చీరాలలో మా మావయ్య కొట్లో చేరినప్పుడు నాదీ అదే జబ్బు. మావయ్య నేతగాళ్లకు చీర అంచుల డిజైన్లు అమ్మేవాడు. నేను కంప్యూటర్ మీద గీసేవాణ్ణి (గీసేవాణ్ణి అనడం మర్యాద, వెతికేవాణ్ణి అనడం నిజం). ఒకరోజు ఇంటర్నెట్‌లో ఎవరో మహానుభావుడు ఉచితంగా పెట్టిన చిలకల అంచు దొరికింది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. మార్చినవాళ్లు మాత్రం తమ బొమ్మను అవే షరతుల మీద నలుగురికీ ఇవ్వాలి. నేను చిలకల్ని మిరపకాయలు చేశాను. మా వైపు మిరపకాయంటే వేరే చెప్పాలా, చీరలు జోరుగా పోయాయి. నేను షరతు ప్రకారం ఆ డిజైన్ నెట్‌లో పెట్టేశాను.

మావయ్య చిందులు తొక్కాడు. "నా కొట్లో కూర్చుని నా సరుకు ఊరికి పంచుతావా? రేపట్నించి రామాక." క్యారేజీ తెచ్చిన అత్తయ్య అడ్డుపడింది. "పక్కింటి తోడుతో పెరుగు చేసుకున్నాక, ఇంకొకళ్లు తోడుకొస్తే లేదంటామా?" మావయ్య గొణుక్కుంటూ అన్నం కలుపుకున్నాడు. అంతలో ఎదురుకొట్టు బాబాయ్ మా మిరపకాయల చుట్టూ పత్తికాయలు చేర్చి, 'సొంత డిజైన్, కాపీ చేస్తే కేసు' అని బోర్డు పెట్టాడు. నేతగాళ్లంతా అటే మళ్లారు. నా ఉద్యోగం గాలిలో దీపమైంది. ఇక లాభం లేదని రోడ్డు దాటాను, వెనక మావయ్య, ఆ వెనక సగం వీధి.

"పత్తికాయలు మీవే బాబాయ్. మిరపకాయలు మావి. మావి తీసుకుని మార్చారు కాబట్టి మీరూ పంచాలి" అన్నాను.

"మిరపకాయేమన్నా మీ తాత సొత్తంట్రా? నా చేత్తో గీశా."

"మరి మీ మిరపకాయకు కన్నెందుకుంది?"

బాబాయ్ తన చీర మీదికి వంగి చూశాడు. చిలకను మార్చేటప్పుడు కన్ను చెరపడం నేనే మర్చిపోయాను (కట్టుకున్న ఆడవాళ్లు అదో కొత్త ఫ్యాషన్ అనుకున్నారు పాపం). వీధంతా నవ్వింది. కాసేపటికి బాబాయ్ కూడా నవ్వి, బోర్డు తీసేసి, తన డిజైన్ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చాడు. "మా వాడు మొదట్నించీ చెబుతూనే ఉన్నాడు" అని మావయ్య వీధి చివరిదాకా చాటాడు. నాకైతే ఆ రోజు నేల మీద కాలు ఆనలేదు.

మొన్న రైల్లో నా ఎదురు సీటావిడ చీర అంచున మిరపకాయలు, పత్తికాయలు, మధ్యలో ఎవరో కొత్తగా చేర్చిన మా చీరాల పక్క వాడరేవు తీరం పడవలు. "ఆ మిరపకాయ నాదేనండి" అన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. పాత నేనైతే చెప్పకుండా రైలు దిగేవాణ్ణి కాదు. మిరపకాయ ఒంటికన్నుతో నన్నే చూస్తుంటే, తొందరలో దాని కన్ను మర్చిపోయిన ఆ కుర్రాడు ఎందుకో ముద్దొచ్చాడు.