మాట్లాడకుండా ఎక్కిన కొండ

ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు ఇబ్రహీంపట్నంలో టీ తాగాం. మా అన్నయ్య ఎప్పట్లాగే రెండో గ్లాసు కూడా తెప్పించుకున్నాడు. గవర్నర్‌పేటలో తనకి కళ్ళజోళ్ళ దుకాణం ఉండేది. ఏడాదంతా వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడి, మాట్లాడనక్కర్లేని ఆ ఒక్క రోజు కోసం ఎదురుచూసేవాడు. గ్లాసు కింద పెట్టేముందు, "ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పెయ్‌రా. తర్వాత నీ నోటికి తాళమే," అన్నాడు. నేను ఏమీ లేదన్నాను.

మాది క్యాథలిక్ కుటుంబం. ఏటా ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలంలో ఒక శుక్రవారం, ఆ టీ కొట్టు నుంచి కారులో రెండు గంటల దూరంలో ఉన్న ఒక అడవి కొండ ఎక్కడం మా నాన్న మొదలుపెట్టిన అలవాటు. కొండ మీద ఒక ఇనుప సిలువ ఉంది. చివరి టీ గ్లాసు కింద పెట్టినప్పటి నుంచి సిలువను తాకేదాకా మాట్లాడకూడదు. కొండ మీద ఎవరు నోరు తెరిచినా అందరూ కిందికి దిగి మళ్ళీ మొదలుపెట్టాలి. చిన్నప్పుడు ఒకసారి నేను దాహమని అడిగాను. నాన్న తిట్టలేదు. నీళ్ళిచ్చి, మమ్మల్ని కిందికి దింపి, మళ్ళీ ఎక్కించాడు. ఆయన పోయాక కూడా మేమిద్దరం ఆ నియమం మార్చలేదు.

ఆ రోజు కొండ మొదట్లో ఒక మేకల కాపరి ఎదురయ్యాడు. కర్రతో రాళ్ళ మీద కొడుతూ, మేకలను గట్టిగా తిడుతూ వస్తున్నాడు. మమ్మల్ని చూసి ఆగాడు.

"ఇప్పపూలు రాలతన్నాయండీ, ఎలుగులు తిరుగుతున్నాయి. ఏదోటి మాట్లాడుకుంటా పొండి. పుట్ట తవ్వేటప్పుడు దానికి మనిషి వచ్చేది తెలవదు. మీదాకా వెళ్ళాకే చూసుద్ది."

అన్నయ్య నవ్వి దండం పెట్టాడు. నేను తల ఊపాను.

"ఇద్దరూ మూగోళ్ళా ఏందండీ?" అన్నాడు కాపరి.

అప్పుడు నాకు నవ్వు కూడా వచ్చింది.

అన్నయ్య నాకంటే ఇరవై అడుగులు ముందు నడుస్తున్నాడు. సగానికి పైగా ఎక్కాక, దారి మలుపులో ఎడమవైపు ఒక పెద్ద బండ ఉంది. దాని వెనక నుంచి చప్పుడు వినిపించింది. మట్టి గీరుతున్నట్టు, మధ్యమధ్య గట్టిగా గాలి పీల్చి ఊదుతున్నట్టు. అన్నయ్యకు ఎడమ చెవి సరిగా వినపడదు. ఆ సంగతి నాకు తెలుసు.

పిలవాలనుకున్నాను. పిలిస్తే దిగాలి. ఎండ ముదురుతోంది. అడవిపంది అయి ఉంటుంది, అదే పోతుందిలే అనుకున్నాను. నా చేతిలో కర్ర ఉంది. రాయి మీద కొట్టడం మాట్లాడటం కాదు. అదీ చేయలేదు.

అన్నయ్య మలుపు తిరిగాడు. ఎలుగుబంటి పుట్టలోంచి తల తీసి, వెనక కాళ్ళ మీద లేచి, అన్నయ్య ముఖం మీద పడింది. నేను అరుస్తూ పరిగెత్తాను, రాళ్ళు విసిరాను. అది వదిలి పొదల్లోకి పోయింది. ఎంతోసేపు జరిగిందనుకున్నాను. నిజానికి నిమిషం కూడా అయి ఉండదు.

కేకలు విని కాపరి వచ్చాడు. తన తలగుడ్డతో అన్నయ్య ముఖం చుట్టి, నాతో పాటు కిందికి మోశాడు. దారంతా గట్టిగా మాట్లాడుతూనే ఉన్నాడు. ఒక్క మాటా నాకు గుర్తులేదు.

కింద ఊళ్ళో ఒకాయన మా కారు నడిపాడు. నేను అన్నయ్య తల ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాను. తను ఏదో చెప్పబోయాడు. దవడ విరిగిపోయింది, మాట రాలేదు. నా మణికట్టు పట్టుకున్నాడు. ఇబ్రహీంపట్నం రాకముందే ఆ పట్టు వదులైంది.

ఆఖరికి ఏమన్నాడని వదిన అడిగింది. టీ కొట్టు దగ్గర అన్న మాటే చెప్పాను. మరోసారి చెప్పమంది. చెప్పాను.

బండ వెనక చప్పుడు సంగతి చెప్పడానికి మాత్రం నాకు మరో తపస్సుకాలం దాకా పట్టింది. ఆమె గిన్నెలు తుడుస్తూ వింది. చేతిలోది పక్కన పెట్టి, "ఒక్క కేక వెయ్యాల్సిందయ్యా," అంది.

గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకుని, "మహా అయితే దిగి మళ్ళీ ఎక్కేవాళ్ళు," అంది.

ఇప్పటికీ శుక్రవారాలు ఉపవాసం ఉంటాం. సిలువ మార్గం ప్రార్థనకి గుడికి వెళ్తాం. మా ఇంట్లో మౌనం పాటించడం మానేశాం.