రిహార్సల్ అత్తయ్య విదేశయాత్ర

అత్తయ్య రిహార్సల్ లేకుండా ఏ పనీ చేసేది కాదు. పెళ్లికి పిలుపొస్తే ముందురోజే చీర కట్టుకుని, బహుమతి చేత పట్టుకుని, అద్దం ముందు నిలబడి "అబ్బే, ఇప్పుడే తిన్నానండీ" అని నాలుగు రకాలుగా అని చూసుకునేది. ఒకసారి పన్ను పీకించుకోవలసి వచ్చింది. ముందురోజు ఇంట్లో పడక్కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచి కూర్చుంది. తమ్ముడు పట్టకారు పట్టుకొచ్చి, "రిహార్సలెందుకక్కా, ప్రదర్శనే ఇచ్చేద్దాం" అన్నాడు.

తప్పు ఆమెది కాదు, చేసిన ఉద్యోగానిది. ఒక నాటక బృందంలో తెరపక్కన నిలబడి, నటులు మరిచిపోయిన మాటలు అందించడం ఆమె పని. ఎవరి మాటా ఏనాడూ మరిచిపోయి ఎరగదు. "మాట నటుడికి చేరాలి, మొదటి వరసకి వినబడకూడదు. వినబడిందా, మనం పనికిరానట్టే" అనేది.

ఉద్యోగం అయిపోయి, మోకాళ్లు మొరాయించడం మొదలెట్టాక, ఒకరోజు కాఫీ తాగుతూ ప్రకటించింది.

"పక్క దేశం వెళ్లొస్తాను. నాలుగు రోజులు. కొండల మధ్య సరస్సు ఉందిట. దాని ఒడ్డునే చిన్న రైలు తిరుగుతుందిట. కిటికీ పక్కన కూర్చుని చూసొస్తాను."

"ఎవరితో?" అన్నాడు తమ్ముడు.

"నాతోనే. నాతో అయితే నేను సర్దుకుపోగలను."

"ఈ వయసులో ఒక్కదానివేనా? ఖర్చో?"

"జనం వెళ్లే రోజులు దాటాక వెళ్తే గది సగానికి సగం చౌక. స్టేషన్ పక్కనే, కింది అంతస్తులో. టాక్సీ ఖర్చూ లేదు, మెట్లెక్కే బాధా లేదు. పెట్టె ఒంటిచేత్తో ఎత్తగలిగినంతే."

"అప్పుడు వానలేమో!"

"అయితే ఏం? సరస్సు తడిసిపోతుందా?"

తమ్ముడు లేచి అటక మీంచి పెట్టె దించాడు.

ఆ పక్కనే పుస్తకంలో తల దాచుకుని కూర్చుంది తమ్ముడి కూతురు, అత్తయ్య మేనకోడలు. సాహిత్యంలో ఎంఏ చేసింది. ఎదురుగా ముగ్గురు మనుషులుంటే చాలు, ఆ పిల్ల గొంతు గూట్లోకి ముడుచుకుపోయేది. రెండు కాలేజీల్లో లెక్చరర్ ఇంటర్వ్యూలకి వెళ్లి, తన పేరు చెప్పి, అంతటితో సరిపెట్టుకుని వచ్చేసింది. మూడోది ఆ నెలాఖరున ఉంది. ఇంట్లో అందరూ ధైర్యం చెప్పేవాళ్లు. చెప్పినకొద్దీ ఆమెకి చెమటలు పట్టేవి. అత్తయ్య మాత్రం ఆ ఊసే ఎత్తలేదు.

"నువ్వు ఖాళీయేగా! నాకు విమానాశ్రయంలో పాస్‌పోర్టు చూసే అధికారి కావాలి. రా" అంది.

భోజనాల బల్లకి అటు మేనకోడలు, వాళ్ల నాన్న కోటు తొడుక్కుని. ఇటు అత్తయ్య, పెట్టెతో సహా.

"ఎందుకు వచ్చారు?" అంది మేనకోడలు, బల్లకి మాత్రమే వినబడేలా.

"అధికారి అలా గొణిగితే నాకు జాలేసి వెనక్కొచ్చేస్తానే! గట్టిగా!"

"ఎందుకు వచ్చారు?"

"బల్లని కాదు, నన్ను చూసి అడుగు. నేను దొంగననుకో."

"నువ్వు దొంగవేంటత్తయ్యా!"

"కాకపోతే పొద్దుట్నించీ మీ నాన్న వెతుకుతున్న కళ్లజోడు నా సంచిలో ఎందుకుంది?"

అలా మొదలైంది. విమానం రిహార్సల్‌కి మూడు కుర్చీలు ఇరికించి వేశారు. మధ్యలో అత్తయ్య, అటూ ఇటూ తమ్ముడూ, కింది వాటా దర్జీ. విమానం లేచేలోపే తమ్ముడు అక్క భుజం మీద వాలి గురక లంకించుకున్నాడు. "వీడికి రిహార్సల్ అక్కర్లేదు, పుట్టు నటుడు" అంది అత్తయ్య.

తప్పిపోవడం కూడా సాధన చేయాలంది. మేనకోడల్ని వెంటబెట్టుకుని బస్సెక్కి, ఎరగని చోట దిగి, ఒక బెంచీ మీద చతికిలబడింది.

"నాకిక్కడి భాష రాదు. నువ్వే దుబాసీవి. వెళ్లి దారి అడుగు."

"నువ్వు వెళ్లేది ఒక్కదానివేగా! అక్కడ దుబాసీ ఎక్కణ్ణించి వస్తుంది?"

"రిహార్సల్లో ఎదురు ప్రశ్నలు వేయకూడదు."

తాళాలు బాగుచేసే ఆయన్నీ, పండ్లమ్మే ఆవిణ్ణీ, ఒక పోలీసునీ అడిగి మేనకోడలే ఆమెని ఇల్లు చేర్చింది.

చివరిది హోటల్ దృశ్యం. మేనకోడలు మేనేజరు. "గది లేదు" అంది. అత్తయ్య బతిమాలింది. "లేదని చెప్పానా!" అత్తయ్య బల్ల గుద్దింది. మేనేజరు ఇంకా గట్టిగా గుద్దింది. కింది వాటా దర్జీ మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చి, "పోనీలెండమ్మా, పెద్దావిడ పాపం, మా ఇంట్లో పడుకుంటుంది" అన్నాడు.

ఇంటర్వ్యూకి ముందురోజు అత్తయ్య విమానమెక్కింది.

మర్నాడు కాలేజీలో బల్లకి అటువైపు అయిదుగురు. మేనకోడలి గొంతు అలవాటు ప్రకారం గూటివైపు బయల్దేరింది. మధ్యలో కూర్చున్న పెద్దమనిషి కాగితాల్లోంచి తలెత్తకుండా గొణిగాడు.

"ఈ ఉద్యోగానికి ఎందుకు వచ్చారు?"

ఆమెకి నవ్వొచ్చింది. ఈ పాత్ర తను ఇంతకంటే ఎంతో బాగా వేసింది! "గట్టిగా అడగండి సార్" అన్న మాట నాలిక చివరిదాకా వస్తే మింగేసింది. ఆయన మొహంలోకి సూటిగా చూసి జవాబు మొదలెట్టింది. కాసేపటికి వాళ్లే "చాలమ్మా, చాలు" అనాల్సి వచ్చింది.

సాయంత్రం ఫోన్ మోగింది.

"ఆ అధికారి ఒక్క మాటా అడగలేదే! ముద్ర గుద్ది పొమ్మన్నాడు. హోటలాయనైతే పెట్టె తనే మోశాడు. నా జవాబులన్నీ అలాగే మిగిలిపోయాయి. కానీ ఆ సరస్సుందే... చూస్తుంటే రైలు దిగబుద్ధి కాలేదనుకో! ఇంకో చుట్టు తిరిగాను."

"నాకు ఉద్యోగం వచ్చిందత్తయ్యా."



"అవునా! ఇంటర్వ్యూ ఇవాళా? మరిచేపోయాను సుమీ."

ఎవరి మాటా ఏనాడూ మరిచిపోని మనిషి!

"అత్తయ్యా, నిజం చెప్పు. ఆ రిహార్సళ్లన్నీ ఎవరికోసం?"

"హలో... హలో... సిగ్నల్ లేదే ఇక్కడ. హలో!" అంది అత్తయ్య, పక్కగదిలోంచి మాట్లాడినంత స్పష్టంగా.

ఏళ్లు గడిచాయి. మేనకోడలు పాఠం చెబుతుంటే పక్క తరగతిలో లెక్కలాయన తలుపేసుకుంటాడు. సెలవుల్లో వచ్చి ఆ పాత భోజనాల బల్ల దగ్గర కూర్చున్నప్పుడల్లా ఆమె అదే ప్రశ్న అడుగుతుంది. అత్తయ్య వెంటనే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "హలో, హలో" అంటుంది.

ఎదురెదురుగా కూర్చున్నా సరే, ఆ ఒక్క ప్రశ్నకి ఆమెకి సిగ్నల్ ఉండదు.