బల్ల మీద పెట్టిన డిస్కు

దయ్యాలను నేను నమ్మను. కంప్యూటర్ ఎందుకు కూలిందో వెతికి పట్టుకోవడమే నా ఉద్యోగం. ప్రతిదానికీ కారణం ఉంటుంది, దొరకలేదంటే సరిగ్గా వెతకలేదని అర్థం. మొన్నమొన్నటి దాకా ఇదే ధీమాతో బతికాను.

ఆలేరు దగ్గర మా ఊళ్లో, ఇంటి నుంచే డిస్కులను నడిపే డ్రైవర్లనే ప్రోగ్రాముల్లో తప్పులు సరిచేస్తుంటాను. డిస్కు తగిలించగానే దాని పేరిట మెమరీలో ఒక ఆబ్జెక్ట్, అంటే దాని వివరాలుండే చిన్న చోటు, పుడుతుంది. దాన్ని ఎన్ని ప్రోగ్రాములు వాడుతున్నాయో డ్రైవర్ లెక్క పెట్టుకుంటుంది. చివరిది కూడా వదిలేసి లెక్క సున్నా అయ్యాకే ఆ ఆబ్జెక్ట్‌ను చెరపాలి. ముందే చెరిపితే మెషీన్ కూలుతుంది.

ఆ రోజు డ్రైవర్‌ను పరీక్షించడానికి ఒక పాత డిస్కు తీసుకున్నాను. చెడిపోవడానికి సిద్ధంగా ఉన్న డిస్కుతోనే ఇలాంటి తప్పులు బయటపడతాయి. చనిపోయిన మా అవ్వ, అంటే నాయిన వాళ్లమ్మ, గొంతు రికార్డింగు అందులోనే ఉందని, ఇంకో కాపీ లేదని, అది గరగరమని ఆగిపోయాక గుర్తొచ్చింది. కాపీలు పెట్టుకోండని ఊరందరికీ చెప్పేదాన్ని నేనే. ఏడుపొచ్చింది.

కేబుల్ పీకి డిస్కును బల్ల మీద పెట్టాను. లెక్క సున్నా కావాలి, ఒకటి దగ్గర ఆగింది. ఎవరు పట్టుకున్నారని చూస్తే, అక్కడ చూపించిన ప్రోగ్రాము నంబరుతో అసలు ఏదీ నడవడం లేదు. సాయంత్రానికి పని అప్పజెప్పాలి. విసుగొచ్చి, లెక్కను బలవంతంగా సున్నా చేసే ఒక లైను రాశాను.

పక్కన చాయ్ తాగుతున్న నాయిన, నా ముఖం చూసి ఏమైందని అడిగాడు. చెప్పాను. ఆయనకు గొర్రెల లెక్క తప్ప ఇంకో లెక్క పట్టదు.

"మందల ఒకటి తక్కువొస్తె సచ్చిందంటమా బిడ్డా? దాని చెవి కోసుకొచ్చి సూపెడితెనే లెక్కల కెల్లి తీస్తం. జర ఆగు."

నవ్వొచ్చింది. అయినా ఆ లైను నడపలేదు. అవ్వ డిస్కు కాబట్టి మనసు రాలేదేమో.

గంట దాటాక లెక్క దానంతటదే సున్నా అయింది. మెషీన్ కూలలేదు. నా ఫోల్డర్‌లో అవ్వ రికార్డింగు పూర్తిగా ఉంది. నేను కాపీ చేయలేదు. ఆ రోజు నేనిచ్చిన ఆదేశాల జాబితాలోనూ అది లేదు. మెమరీలో మిగిలి ఉంటుందని తోటివాళ్లు అంటారు. కానీ ఆ రోజు డిస్కు పీకక ముందే మెషీన్‌ను మూడుసార్లు ఆపి మళ్లీ ఆన్ చేశాను, ఆపితే మెమరీ ఖాళీ అయిపోతుంది, ఆ ఫైలు ఒక్కసారీ తెరవలేదు. ఫైలు మీద ఉన్న సమయం చూస్తే, అప్పటికి డిస్కు కేబుల్ లేకుండా బల్ల మీదే ఉంది.

తర్వాత ఎన్ని డిస్కులు పీకినా లెక్క అలా ఆగలేదు. ఆ పాత డిస్కు మళ్లీ తిరగనూ లేదు. కారణం ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను, దొరకలేదు.

రికార్డింగులో అవ్వ పొద్దుగూకే వేళ దొడ్డి దగ్గర నిలబడి గొర్రెలను పేరుపేరునా పిలుస్తుంటుంది. చివర్లో, తడిక మూయబోతున్న నాయినతో అంటుంది:

"ఒకటి రాలె. అప్పుడే తడిక పెట్టకు కొడుకా."