బీడీల పెట్టెకు అమర్చిన బటన్లు

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. సైన్సు ఉపాధ్యాయుడిగా ఉన్నంతకాలం, తరగతిలో అటువంటి మాట ఎత్తినవారిని నిలబెట్టి కారణం అడిగేవాడిని. అందుకే ఇది చెప్పవలసి రావడం నాకు చికాకుగా ఉంది.

తొంభైల చివరి మాట. మా చెల్లెలు లక్ష్మి భర్త రాజేశం ఎల్లారెడ్డిలో రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. పని సన్నగిల్లడంతో గల్ఫుకు పోవడానికి పాస్‌పోర్టు సిద్ధం చేసుకున్నాడు. అంతలో కామారెడ్డిలో వీడియో గేముల దుకాణం నడిపే సలీం ఒక పని చెప్పాడు. దుకాణంలోని గేము యంత్రానికీ, కంప్యూటరుకూ కూడా పనికివచ్చే కంట్రోలరు ఒకటి చేసి చూపిస్తే, దుకాణానికి కావలసినవన్నీ ఇతని చేతనే చేయించుకుంటాడట. పరీక్షకని ఒక పాత కంప్యూటరును కూడా పంపాడు. ఇది కుదిరితే రాజేశం ఇల్లు విడిచి పోనక్కరలేదు.

రాజేశానికి క్రమం గిట్టదు. పాడైన కీబోర్డు లోపలి పలకను ఊడదీసి, దాని తీగలను బటన్లకు అతికాడు. ఒక స్విచ్చు పెట్టాడు. అటు వేస్తే గేము యంత్రం, ఇటు వేస్తే కంప్యూటరు. అంతవరకు సబబే. వీటన్నిటినీ బిగించడానికి మాత్రం, చనిపోయిన తన తల్లి తునికాకు దాచుకున్న చెక్కపెట్టెను తీశాడు. ఆమె జీవితమంతా బీడీలు చుట్టింది.

"అత్త పెట్టెకు బొక్కలు కొడ్తున్నవా? ఇంట్ల ఇంకో కట్టె దొరకలేదా?" అని లక్ష్మి విరుచుకుపడింది.

"అవ్వ ఉంటే తనే ఇస్తుండె," అన్నాడతను.

సలీం రావలసిన ఉదయం నేనూ వాళ్లింట్లోనే ఉన్నాను. పెట్టెను తగిలించి కంప్యూటరు వేయగానే, తెరపై ఎక్స్ అక్షరాలు వాటంతట అవే పడసాగాయి.

"ఇవి తీగలా, జాతర దారాలా?" అని కసిరాను.

"నేను ముట్టనే లేదు బావా!"

తేమ అన్నాను. తుడిపించాను. ఆ అక్షరం వేసే బటను తీగ విప్పించాను. అక్షరాలు ఆగలేదు. విసుగెత్తి మళ్లీ అతికించాను. అప్పుడు లక్ష్మి తెర మీద వేలు పెట్టింది.

"అన్నా, లెక్కపెట్టు. ఇరవై ఐదు కాంగనే జాగ ఇడుస్తున్నది. గిది బీడీల కట్ట లెక్క, కట్టకు ఇరవై ఐదే."

లెక్కపెట్టాను. నిజమే. ఖాళీ వేసే బటను పెట్టెకు ఆ చివర వేరే ఉంది.

"చేతిల కట్ట పూర్తి కానిది అత్త లేస్తుండెనా?" అన్నదామె మెల్లగా.

బయట సలీం స్కూటరు ఆగింది. లక్ష్మి పెట్టె ముందు కూర్చుంది.

"అత్తా, ఇగ లే. నీ కొడుక్కు ఈడనే పని దొరికింది. చెడగొట్టకు."

అక్షరాలు ఆగలేదు. ఇదేమి పిచ్చితనమని నేను నోరు తెరవబోయాను. సగంలో ఉన్న వరుస ఇరవై ఐదు వరకు సాగింది. ఆగిపోయింది.

సలీం చాలాసేపు ఆడి చూశాడు. "క్యా బాత్ హై! ఇసొంటియి ఇంకో నాలుగు చెయ్ రాజేశం భాయ్. గిది నేను తీస్కపోత."

"గిది ఇయ్య భాయ్. కొత్తయి చేసిస్త," అన్నాడు రాజేశం.

అతడు గల్ఫుకు పోలేదు. ఆ పెట్టెను నేను ఎన్నోసార్లు విప్పి చూశాను. తేమ వల్ల ఒక అక్షరం పడవచ్చు. తీగ తగిలి ఒక ఖాళీ రావచ్చు. కాని లేవమన్న తరువాత కూడా చేతిలోని కట్ట ముగించుకుని లేచినదేమిటో నేను ఈనాటికీ చెప్పలేను.