నాలుగో గుండీ

మా ఆయన చొక్కాలు కుట్టేవారు. చొక్కాలు మాత్రమే. ఎవరైనా ప్యాంటు గుడ్డ తెస్తే, "నడుం కింది సంగతులు నాకు తెలియవు, పక్క వీధికి వెళ్లండి" అని నవ్వి పంపేసేవారు. నేను అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేదాన్ని. మాటల్లో కూడా తప్పులు దిద్దుతానని ఆయన నన్ను పంతులమ్మా అని పిలిచేవారు.

మధ్యాహ్నం నా పని కాగానే కొట్టుకి వెళ్లి, స్టూలు మీద కూర్చుని ఆయనకి నవలలు చదివి వినిపించేదాన్ని. ఆయనకి చదవడం అంతంతమాత్రం. వినడం మాత్రం ఆయనకే చెల్లింది. అది కాలితో తొక్కే మిషను. కథ మామూలుగా సాగుతుంటే మిషనూ సాగేది. మంచి ఘట్టం వస్తే పాదం ఆగేది. ముప్పై ఏళ్లు నేను ఏ పుస్తకం గొప్పదో ఆ పాదాన్ని బట్టే తేల్చుకున్నాను.

ఒక వానాకాలం ఆ పాదం ఎక్కడ పడితే అక్కడ ఆగడం మొదలుపెట్టింది. కథలో ఎవరో ఊరు వెళ్తూ పెట్టె సర్దుకుంటుంటే ఆగింది.

"ఇందులో ఏముందండీ ఆగడానికి?"

"బాగుంది కదా, ఆ పెట్టె," అన్నారు. అరచెయ్యి పొట్ట పైభాగాన నొక్కి పెట్టుకుని ఉన్నారు.

గ్యాసేలే అనుకున్నాం. మందుల షాపాయన ఇచ్చిన బిళ్లలు, రోజుకో సోడా. వంగి కూర్చునే పని, గబగబా తినే అలవాటు, కారణాలకేం కొదవ? నిజానికి ఆ నొప్పి తిన్నా వచ్చేది, తినకపోయినా వచ్చేది. తొక్కితే వచ్చేది, పాదం తీస్తే పోయేది. ఈ వాక్యం ఇప్పుడింత తేలిగ్గా రాస్తున్నాను. అప్పుడు రోజూ కళ్లెదుటే ఉన్నా చదవలేకపోయాను.

ఒకరోజు పాదం తీసినా నొప్పి పోలేదు. మొహం పాలిపోయి, చెమటలు కారుతున్నాయి.

"ఈ అధ్యాయం కానీ పంతులమ్మా, తర్వాత వెళ్దాం."

ఇంకా నాలుగు పేజీలున్నాయి. గుర్తు కూడా పెట్టకుండా పుస్తకం మూసేశాను.

ఆసుపత్రిలో నర్సమ్మాయి ఎక్కడ నొప్పి అని అడిగింది. చొక్కాల మనిషికి ఒళ్లంటే గుండీల వరసే. దురద పుట్టినా "రెండో గుండీ దగ్గర గోకు" అనేవారు. నాలుగో గుండీ దగ్గర అని చెప్పబోయారు గానీ గొంతు సగమే పెగిలింది.

"...గుండీ దగ్గర."

"గుండె దగ్గరా?" అంటూనే ఆ అమ్మాయి ఈసీజీ మిషను కోసం కేకేసింది.

అచ్చుతప్పు కనబడితే ఊరుకునే నోరు కాదు నాది. దిద్దబోయాను. ఆయన వీపుకి తడిసి అంటుకుపోయిన చొక్కా చూసి ఆగిపోయాను. నా జీవితంలో తెలిసి వదిలేసిన తప్పు అదొక్కటే.

ఆయన మాత్రం వదల్లేదు. "గుండె కాదు తల్లీ, గుండీ. పైనుంచి నాలుగోది."

"ముందు ఆ చొక్కా విప్పండి బాబాయ్, గుండీలు తర్వాత లెక్కపెడదాం."

మొదటి కాగితంలో తేడా ఏమీ లేదు. చూశావా అన్నట్టు ఆయన నా వైపు చూశారు. ఇంటికి తీసుకుపోవాలని నాకూ ప్రాణం లాగింది. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. షుగరుందా అంది. ఉందన్నాను. పని చేస్తుంటే వస్తుందా అంది.

"మంచి ఘట్టం లేకపోయినా మిషను ఆపేస్తున్నారండీ," అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. విడమరిచి చెప్పాక, పెన్ను పక్కన పెట్టి పూర్తిగా విన్నది.

"బొడ్డు పైన వచ్చే నొప్పులన్నీ కడుపువి కావమ్మా. గుండె అడుగు భాగానికీ కడుపుకీ మధ్య పలచటి తెర ఒక్కటే అడ్డు. అక్కడికి రక్తం సరిగ్గా అందకపోతే నొప్పి కడుపులో వచ్చినట్టే ఉంటుంది. షుగరుంది, చెమట పడుతోంది, పని చేస్తే వస్తోంది. ఒక్క కాగితం బాగుందని పంపించలేను."

గంట తర్వాత మళ్లీ తీశారు. రక్తం కూడా పరీక్షించారు. రెండో కాగితంలో గీతలు మారాయి. సాయంత్రానికల్లా మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచారు.

మిగిలిన నాలుగు పేజీలు ఐదోరోజు ఆ మంచం పక్కనే చదివాను. దుప్పటి అంచున ఆయన పాదం మెల్లిగా కదులుతూనే ఉంది. సరిగ్గా ఆగాల్సిన చోట ఆగింది.

"ఆ పెట్టె గురించి అబద్ధం చెప్పానోయ్," అన్నారు.

"తెలుసు లెండి."

ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఉన్నారు. ఎన్ని పుస్తకాలు అయ్యాయో.

ఇప్పుడు మిషను నా గదిలో కిటికీ పక్కన ఉంది. నేను పైకే చదువుకుంటాను. కానీ ఏ ఘట్టం బాగుందో నాకు తెలియడం లేదు. చప్పుడు ఆగాలంటే అంతకుముందు చప్పుడనేది ఉండాలి కదా.

నిన్న ఆ నవలే తీసి, దారం ఎక్కించని మిషను ముందు కూర్చుని, తొక్కుతూ చదివాను. చాలా పేజీలు పాదం ఎక్కడా ఆగలేదు. పెట్టె సర్దుకునే చోట ఆపాను.

బాగుంది, ఆ పెట్టె.