కొండ ఎక్కేటప్పుడు మోగే ఫోను

అపిసాయి మా ఊరి బస్సు డ్రైవరు. మంచివాడే, నోట్లో నాలుక లేదు. ఆ లోటు మకెలేసి తీర్చింది. అతని మేనమామ కూతురు, వరసకి మరదలు. ముందు సీటు ఆవిడదే. కొండ కింద నౌసోరి పట్నం బజారులో చేమదుంపలు అమ్ముకుని మేమంతా మధ్యాహ్నం బస్సెక్కితే, అపిసాయి తన ఫోను ఆవిడ చేతిలో పెట్టిగానీ తాళం తిప్పడు. ఒకప్పుడు ఫోను చూసుకుంటూ లారీని వాగులో దింపిన మనిషిని తనే ఈడ్చి గట్టున పడుకోబెట్టాడు. స్టీరింగు పట్టాక ఫోను ముట్టనని ఆనాడే ఒట్టు పెట్టుకున్నాడు.

అతని భార్య విలిమైనా ఆస్ట్రేలియాలో పళ్ళ తోట పనికి వెళ్ళింది. అక్కడ సిగ్నలు దొరికేది పళ్ళు పెట్టెల్లో సర్దే షెడ్డు దగ్గరే, ఖాళీ దొరికేది అన్నం వేళే. మా ఊళ్ళో సిగ్నలు అసలే లేదు, కొండ దారిలో తప్ప. దాంతో సరిగ్గా బస్సు మలుపులు ఎక్కుతుండగా ఫోను మోగేది. ఒకపక్క రాయి, ఒకపక్క లోయ, ఆపడానికి చోటుండదు.

మకెలేసి ఎత్తి, నీ మొగుడికి నేను వండి పెడుతున్నా, నువ్వక్కడే ఉండవే అని మొదలుపెట్టేది. బస్సంతా ఒకటే నవ్వు. వాళ్ళ పిల్లకి పన్ను ఊడిందని ఒకరు, పంది ఈనిందని ఒకరు వెనకనించి అరిచేవాళ్ళం. నువ్వేమన్నా చెప్పాలా బావా అంటే, బాగున్నానని చెప్పమనేవాడు. అంతమందిలో ఇంకేమంటాడు పాపం? మలుపులు దాటి కొండ పైకి చేరితే బస్సు ఆపేంత చోటుంది. కానీ జనానికి ఆలస్యమవుతుందని మొహమాటం. ఫోను పెట్టేశాక మాత్రం, గొంతు ఎలా ఉందని మెల్లిగా అడిగేవాడు. వాళ్ళ వెనక సీట్లోనే ఉన్న నాకు ఒళ్ళు మండేది. పెళ్ళాం గొంతు ఎలా ఉందో పక్కవాళ్ళని అడిగే మొగుణ్ణి ఇతన్నే చూశాను.

ఒకరోజు మకెలేసి జ్వరంతో రాలేదు. ముందు సీట్లో సేరు కూర్చున్నాడు. విలిమైనాకి పెదనాన్న కొడుకు, అంటే అన్న. మాలో ఎదిగిన అన్నాచెల్లెళ్ళు నేరుగా మాట్లాడుకోరు, అది మర్యాద. అపిసాయి అదేమీ ఆలోచించకుండా అలవాటు కొద్దీ ఫోను అతని చేతిలో పెట్టాడు. మలుపుల్లో అది మోగింది. సేరు ఎత్తి, ఏం చెయ్యాలో తోచక దగ్గాడు. ఆ దగ్గుతోనే ఆవిడ అన్నని పోల్చుకుందేమో, అటునించీ మాట లేదు. చెమటలు కక్కుతూ అతను ఫోను వెనక్కి చాపాడు. రెండు మూడు చేతులు లేచాయి.

"ఎవ్వరూ ముట్టకండి. వాడి పెళ్ళాం, వాడే మాట్లాడతాడు," అన్నాను. "అపిసాయీ, పైన ఆపు నాయనా. మా ఇళ్ళు ఎక్కడికీ పోవు."

మిగతా మలుపులన్నీ సేరు ఫోను పెట్టెయ్యకుండా చేతిలోనే పట్టుకు కూర్చున్నాడు. పైకి చేరాక అతను బస్సు పక్కకి తీసి, బ్రేకు వేసి, ఇంజను ఆపాడు. సేరు ఫోను అతని చేతిలో పెట్టి దిగాడు. చెప్పకుండానే జనమంతా దిగిపోయారు. నా మోకాళ్ళు సహకరించక నేను మాత్రం ఉండిపోయాను.

"నేనే," అన్నాడు.

"బస్సు చప్పుడు లేదేం?" ఆవిడ గొంతు నాకూ వినిపించింది.

"ఆపాను. ఇల్లు బావురుమంటోంది. వచ్చెయ్యి."

"ఈ మాట ఇన్నాళ్ళూ ఎందుకనలేదు? రోజూ అందరి నవ్వులూ వింటున్నా. బాగున్నానంటున్నావు. నేను లేకపోయినా నీకు గడిచిపోతోందనుకున్నా. నిన్ననే ఇంకో ఏడాదికి ఒప్పుకున్నాను."

అక్కడ పనిగంట మోగింది. అతను ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఇప్పుడు రోజూ బస్సు కొండ మీద ఆగుతుంది. జనం దిగి గడ్డిలో కూర్చుంటారు, మకెలేసితో సహా. పిల్ల సంగతి, పంది సంగతి తర్వాత. ముందు వచ్చెయ్యమంటాడు. ఏడాది తిరగనీ అంటుందావిడ. సరేనంటాడు. మర్నాడు మళ్ళీ వచ్చెయ్యమంటాడు.