సగం సవరం

పాత ఇంగ్లండు బంగారు సవరను బేరమాడేటప్పుడు ఇప్పటికీ నా చెయ్యి జడ మీదికి పోతుంది.

నా చిన్నప్పుడు ఒమాన్‌లోని సీబ్‌లో నాన్నది బట్టల దుకాణం. ఒకరోజు వంటింట్లో అమ్మతో నాన్న అన్న మాట పక్కగదిలో నా చెవిన పడింది. "ఈ సవరను జాగ్రత్త. ఇలాంటిది మళ్లీ దొరకదు. పోయిందంటే దుకాణం అమ్మినా చాలదు."

నాకు సవరం అని వినబడింది. అమ్మ జడలో కలుపుకునే సవరాన్ని ఆ పొద్దున్నే నేను బొమ్మకు జుట్టు పెట్టడానికి కత్తిరించేశాను. మంచం కింద దూరి చాలాసేపు దాక్కున్నాను. చివరికి మిగిలిన ముక్క పట్టుకెళ్లి, "నాన్నా, సగం ఉంది. సగం దుకాణం అమ్మితే చాలదా?" అని ఏడ్చాను.

నాన్న పగలబడి నవ్వి గుప్పిలి తెరిచాడు. ఒమానీ అవ్వ ఒకామె నమ్మి దాచమన్న బంగారు నాణెం, రాణి బొమ్మతో. "సవరనంటే ఇదే పిచ్చిపిల్లా!"

అమ్మ నవ్వలేదు. అది అమ్మమ్మ జుట్టుతో కట్టిన సవరం.

అరుదైన సవరన్లు తర్వాత ఎన్నో బేరమాడి కొన్నాను. అలాంటి సవరం మాత్రం మళ్లీ దొరకలేదు.